ఎడమచేతి దండ

వ్యాపారం మొదలుపెట్టిన నాటికి నా చేతిలో ఉన్నవి ఒక అద్దె తోపుడు బండి, తీగలు కత్తిరించే ఒక కత్తెర, మా అమ్మ చెప్పిన కథలు. కథలకు పెట్టుబడి లేదు కాబట్టి మొదట్లో వాటిని లెక్కలోకి తీసుకోలేదు. బండీ కత్తెరా లేకపోయినా నా వ్యాపారం ఏదో రకంగా నడిచేదని, కథలు లేకపోతే మాత్రం చక్రం కదిలేది కాదని తర్వాత అర్థమైంది.

నేను అమ్మేది క్రిస్మస్ సరుకు, ముఖ్యంగా గుమ్మం దండలు. గుండ్రంగా వంచిన కమ్మీ మీద ఆకు రాల్చని చెట్ల కొమ్మలు వరసగా కట్టి, మధ్య మధ్య ముళ్ళాకు, ఎర్ర కాయల గుత్తులు దోపితే దండ తయారవుతుంది. పండుగ ముందు దాన్ని వీధి తలుపుకు వేలాడదీస్తారు. ఈ దండలు అమ్మేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ళ దగ్గర కొంటే దండ ఒక్కటే వస్తుంది. నా దగ్గర కొంటే అర్థం కూడా వస్తుంది. గుండ్రంగా ఎందుకంటే దేవుడికి మొదలూ చివరా లేవు. ముళ్ళాకు ఆయన తలకు పెట్టిన కిరీటం. ఎర్ర కాయలు నెత్తురు చుక్కలు. ఆ పచ్చదనం చలికి చావని ప్రాణం. ఇదంతా విన్నాక ధర తగ్గించమనడానికి ఎవరికీ నోరు రాదు.

ఇవి ప్రార్థన మందిరంలో చెప్పే అర్థాలు. మా అమ్మ దగ్గర ఇంకో రకం ఉండేవి. అవి మందిరం కంటే పాతవి. పగళ్ళు కురచైపోయి చలి ముదిరినప్పుడు అడవిలో ఉండేవాళ్ళకు తలదాచుకునే చోటు ఉండదట. అమ్మ వాళ్ళకు పేరు పెట్టేది కాదు, 'వాళ్ళు' అని ఊరుకునేది. చెట్లన్నీ మోడులై ఉంటాయి కాబట్టి, పచ్చగా మిగిలిన కొమ్మల్లో దూరి కూర్చుంటారట. ఆ కొమ్మను ఇంటికి తెచ్చుకున్నామంటే వాళ్ళను చుట్టాలుగా పిలుచుకున్నట్టే. పండుగ పన్నెండు రోజులూ ఇంటికి మేలు చేస్తారు. పన్నెండో రోజున కొమ్మను దించి, మంటలో వేసి సాగనంపాలి. దించకపోతే వాళ్ళు వెళ్ళరు. చుట్టంగా వచ్చినవాడు ఇంటివాడై కూర్చుంటాడు. తోడు కోసం ఆ వీధిలోంచి ఎవరినో ఒకరిని తీసుకుంటాడు.

మొదటి కథలతో దండలు అమ్మాను. రెండో కథతో వాటిని దించే పని సంపాదించాను. అంతకుముందు జనం ఎండిన దండను చెత్తకుప్పలో పారేసేవాళ్ళు. నేను పన్నెండో రోజున బండి తీసుకుని ఇంటింటికీ తిరిగి, దండలు దించి, వీధి చివరి ఖాళీ స్థలంలో అందరి ముందూ కాల్చడం మొదలుపెట్టాను. దానికి కొద్దిపాటి రుసుము. ఎండిన కొమ్మలో జిగురు ఉంటుంది కాబట్టి దండ మంటలో పడగానే భగ్గుమని లేచి చిటికెలో బూడిదైపోతుంది. చూడటానికి బాగుంటుంది. "వెళ్ళిపోయారు" అనుకుంటూ జనం ఇళ్ళకు పోయేవాళ్ళు.

పాస్టరుగారు ఒకసారి నన్ను ఆపి అడిగారు.

"ఏమయ్యా, మన అర్థాలు చెప్పుకో, బాగానే ఉంది. ఆ చుట్టాల కథ ఎందుకు?"

"మందిరంలో కొమ్మలు కూడా పన్నెండో రోజే దించి పెరట్లో కాలుస్తారు కదండీ."

"అది శుభ్రత కోసం."

"నాదీ శుభ్రతేనండీ. కాకపోతే నేను కూలి తీసుకుంటాను."

ఆయన నవ్వి వెళ్ళిపోయారు. నవ్వినవాళ్ళు అడ్డుపడరు, అది నాకు లాభం.

మా అక్కది అదే వీధి. బావ పోయాక ఒక్కగానొక్క కూతురితో సొంత ఇంట్లో ఉండేది. ఆ మేనకోడలు నా షెడ్డులో దండలు కట్టేది. ఎడమచేతి వాటం. పనిలో అంత చురుకైనవాళ్ళు నాకు మళ్ళీ దొరకలేదు. చిక్కల్లా ఒకటే. మామూలుగా కొమ్మలు గడియారం ముల్లు తిరిగే వైపుకు ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి. మేనకోడలు కట్టినవి ఎదురుగా వాలేవి. రెండు రెక్కల తలుపుకు జతగా వేలాడదీస్తే ఒకటి అటు, ఒకటి ఇటు పోతున్నట్టు కనబడేది. రొట్టెల కొట్టు ఆవిడ ఒక దండ వెనక్కి తెచ్చి ఇచ్చింది.

"దీన్ని చూస్తుంటే కళ్ళు తిరుగుతున్నాయయ్యా. పొద్దు వెనక్కి నడుస్తున్నట్టుంది."

ఆవిడ వెళ్ళాక మేనకోడలు తల ఎత్తకుండానే అంది.

"ఆవిడ రొట్టె ఒక్కటీ గుండ్రంగా ఉండదు. నా దండకు వంక పెడుతుందా?"

"రొట్టె కడుపులోకి పోతుంది. దండ తలుపు మీద ఉంటుంది. నలుగురూ చూసేది దండనే" అన్నాను.

"అందుకని నావన్నీ పక్కన పెట్టి సగం ధరకు అమ్ముతావా, మామయ్యా?"

"పెరటి తలుపులకు కొనేవాళ్ళున్నారు. ఎడమ దండలని అడిగి మరీ తీసుకుంటున్నారు."

"నీ కూతురినైతే పూర్తి ధరకు అమ్మేవాడివి."

"నా కూతురివైతే చిన్నప్పుడే కుడిచేతికి మార్పించేవాడిని."

"అమ్మ అదే చేయబోయింది. నేను అన్నం మానేశాను" అంది నవ్వుతూ.

ఆ ఏడు పండుగ ముందు ఆర్డర్లు విపరీతంగా వచ్చాయి. కొమ్మలు వాడిపోకుండా నీళ్ళు చల్లుతూ ఉంటాం కాబట్టి షెడ్డులో నేలంతా తడి. పొయ్యి పెడితే ఆకు రాలుతుందని పెట్టం. మేనకోడలికి దగ్గు పట్టుకుంది. ఆర్డర్లు అయ్యాక పడుకుంటానంది. సరేనన్నాను. చివరి రోజున తన ఇంటి కోసం ఒక దండ కట్టుకుని, తనే తీసుకెళ్ళి తలుపుకు తగిలించింది. పండుగ నాటికి మంచం దిగలేకపోయింది. రెండు వైపులా నెమ్ము చేరిందని డాక్టరు చెప్పాడు. పన్నెండో రోజు రాకుండానే పోయింది.

పూడ్చిపెట్టి వచ్చిన కొద్ది రోజులకే నేను బండి తీసుకుని వీధిలోకి దిగాను. అన్ని ఇళ్ళూ అయ్యాక అక్క తలుపు కొట్టాను.

"అక్కా, దించనా?"

"దేన్ని?"

"దండను. ఇవాళ పన్నెండో రోజు."

అక్క గడప మీద నిలబడి బండిలోని కొమ్మల కుప్ప వైపు చూసింది.

"దించకపోతే ఏమవుతుందని చెప్తావు నువ్వు?"

"ఏదో చెప్తాంలే. వచ్చినవాళ్ళు వెళ్ళరంటారు."

"నాకు కావలసింది అదేగా" అని తలుపు వేసుకుంది.

దండ అటూ ఇటూ ఊగి ఆగింది. నేను బండి తోసుకుని వచ్చేశాను. కడుపుకోత మీద బేరం చేయకూడదన్నది నా లెక్క. నాలుగు రోజులు పోతే తనే దించుతుందనుకున్నాను.

దించలేదు. పండుగ సరుకంతా వీధిలోంచి మాయమైపోయాక కూడా ఆ ఒక్క తలుపు మీద దండ ఉండిపోయింది. పచ్చ పోయి గోధుమ రంగు తిరిగింది. ఎర్ర కాయలు నల్లబడి ముడుచుకున్నాయి. జనం మొదట జాలి పడ్డారు. తర్వాత ఆ తలుపు దాటేటప్పుడు మాటలు ఆపడం మొదలుపెట్టారు. రొట్టెల కొట్టు ఆవిడ మామగారు పోతే ఎవరూ ఏమీ అనలేదు. ముసలాయన, ఏళ్ళ తరబడి మంచంలో ఉన్నాడు. ఆ తర్వాత దర్జీ కొడుక్కి దగ్గు మొదలైంది. ఇంకా పాకడం కూడా రాని పిల్లవాడు. ఆ చలికాలం వీధిలో సగం ఇళ్ళలో దగ్గులే, అందరూ కోలుకున్నారు. ఆ పిల్లవాడు కోలుకోలేదు.

దర్జీ మంచివాడు. నా బండి మీద వేసుకునే పరదా ఉచితంగా కుట్టి ఇచ్చినవాడు. పిల్లవాణ్ణి పూడ్చిన మర్నాడు అతను మా అక్క ఇంటి ఎదురుగా వచ్చి నిలబడి దండ వంక చూస్తూ ఉండిపోయాడు. అనవలసినదంతా పక్కవాళ్ళు అన్నారు.

"పైగా అది ఎదురు తిరిగిన దండ. మామూలుదైతే వచ్చినవాళ్ళకు బయటికి దారైనా తెలిసేది" అంది రొట్టెల కొట్టు ఆవిడ.

ఈ ముక్క మా అమ్మ కథలో లేదు. నేనూ ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ అక్కడికక్కడ అల్లింది. సాయంత్రానికల్లా వీధంతా అది తాతల నాటి మాటైపోయింది.

అక్క రొట్టెకు వెళితే అయిపోయిందన్నారు. వెనక అరలో రొట్టెలు కనబడుతూనే ఉన్నాయి. కుళాయి దగ్గర అక్క బిందె పెడితే మిగతావాళ్ళు తమ బిందెలు తీసేసుకుని దూరంగా జరిగారు. ఒక పొద్దున తలుపు మీద బురద కొట్టి ఉంది. ఇంకో పొద్దున కిటికీ అద్దం పగిలి ఉంది. పాస్టరుగారు ప్రార్థన తర్వాత లేచి, చావుబతుకులు దేవుడి చేతిలో ఉన్నాయి గానీ కొమ్మల్లో లేవని చెప్పారు. అందరూ ఆమెన్ అని, బయటికి వచ్చి, అక్క ఇంటికి దూరంగా అవతలి వైపు నుంచి నడిచి వెళ్ళిపోయారు.

దర్జీ కొట్టులో నలుగురు చేరారని తెలిసి నేనూ వెళ్ళాను. సరుకులో లోపముంటే వెనక్కి తీసుకోవడం వ్యాపారి ధర్మం. ఈ కథను కూడా అలాగే వెనక్కి తీసుకుందామనుకున్నాను.

"చూడండి, ఆ చుట్టాల కథలో ఏమీ లేదు. దించే పని దొరకడానికి నేను చెప్పుకున్న కథ అది. మా అమ్మ పిల్లల్ని కూర్చోబెట్టడానికి చెప్పేది. నెమ్ము ఇంటింటికీ తిరిగింది. నా మేనకోడలు పోయింది కూడా దాంతోనే."

రొట్టెల కొట్టు ఆవిడ నా వైపు జాలిగా చూసింది.

"మా నాయనమ్మ కూడా చెప్పేదయ్యా ఈ సంగతి. నువ్వు పుట్టకముందు నుంచీ ఉన్నది. లేదనడానికి నువ్వెవరు?"

"అక్క కోసం అంటున్నాడులే" అన్నాడు ఇంకొకాయన. "మనమైనా అంటాం."

దర్జీ కుట్టు మిషను మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. నా వైపు తిరిగాడు.

"అన్నా, మా ఇంటి దండ నువ్వే దించావు. 'వెళ్ళిరండి' అని నువ్వే మంటలో వేశావు. మా ఆవిడ దణ్ణం పెట్టుకుంది. అప్పుడు ఉత్తదని చెప్పలేదే?"

ఏళ్ళ తరబడి వాళ్ళ దగ్గర నేను సంపాదించుకున్న నమ్మకమంతా ఒక్క మాట వెనక్కి తీసుకోవడానికి చాలలేదు. అమ్మేటప్పుడు నమ్మినవాళ్ళు వాపసు దగ్గర నమ్మలేదు.

"ఆదివారం ప్రార్థన అయ్యాక దించి కాల్చండి. మీరు దించకపోతే మేం దించుతాం" అన్నాడు దర్జీ. గొంతులో కోపం లేదు. అందుకే భయం వేసింది.

అక్క ఇంటికి వెళ్ళాను. కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టుకుని లోపల కూర్చుని ఉంది. సంగతంతా చెప్పాను. వింటూ తలుపు తీసి దండ దగ్గరికి వెళ్ళింది.

"ఇటు రా. ఈ ముడి చూడు. ఇక్కడ తీగ కాస్త లోపలికి నొక్కుకుపోయింది. పిల్ల బొటనవేలు ఆనించి లాగింది ఇక్కడే. ఇలాంటివి చుట్టూతా ఉన్నాయి. రోజూ ఒకదాని తర్వాత ఒకటి తడుముకుంటాను."

"అక్కా, జనం..."

"నువ్వు నమ్ముతావా ఆ కథ?"

"లేదు."

"నేనూ ఎప్పుడూ నమ్మలేదు. అమ్మ చెప్తుంటే నవ్వేదాన్ని. ఇప్పుడు పొద్దున తలుపు తీసేసరికి ఇక్కడెవరో ఉన్నట్టుంటుంది. ఉన్నారో లేదో నాకెందుకు? ఉన్నట్టుంటుంది, అంతే. అదీ తీసేస్తే ఇంట్లో నేనూ గోడలూ మిగులుతాం."

దర్జీ వాళ్ళను ఆ కథ భయపెట్టింది. అక్కకు అదే కథ ఊపిరి పోస్తోంది. ఒకే సరుకు రెండు చోట్ల రెండు రకాలుగా పనిచేయడం నేను చాలాసార్లు చూశాను గానీ, ఇలా ఎప్పుడూ చూడలేదు. దండ కాలిపోతే అక్క ఏమవుతుందో నాకు తెలుసు. కాలకపోతే వీధి ఏం చేస్తుందో కూడా తెలుసు. రెండింటి మధ్య బేరం కుదర్చాలి.

"వాళ్ళకు కావలసింది మంట. నీకు కావలసింది దండ" అన్నాను. "అచ్చు ఇలాంటిదే ఇంకోటి కడతాను. ఆదివారం దాన్ని కాలుద్దాం. ఇది లోపల పెట్టుకో."

అక్క నన్ను ఎగాదిగా చూసింది.

"ఎదురు కట్టడం నీకు వచ్చా?"

"నేర్చుకుంటాను."

"ఎక్కడ పెట్టను దీన్ని?"

"దాని మంచం మీద పెట్టి దుప్పటి కప్పు. ఎవరు చూస్తారు?"

అక్క తల ఊపింది. కూతురు పోయాక అక్క నా మాట వినడం అదే మొదటిసారి.

షెడ్డు మూలన తడి ఇసుకలో పాతిపెట్టిన కొమ్మలు కొన్ని మిగిలి ఉన్నాయి. వాటిని తీసి కట్టడానికి కూర్చున్నాను. ఎడమచేత్తో తీగ లాగితే వదులైపోయేది. కుడిచేత్తో లాగి ఎదురు తిప్పితే కొమ్మ విరిగేది. అంత తేలిగ్గా, మాట్లాడుతూ, పాటలు పాడుతూ ఆ పిల్ల ఎలా కట్టేదో నాకు అంతుపట్టలేదు. సగం ధర కట్టిన సరుకును చేతులారా కట్టి చూస్తే రెట్టింపు పని ఉంది అందులో. మూడు చెడగొట్టాక ఒకటి కుదిరింది. షెడ్డులో మొదటిసారి పొయ్యి రాజేసి, దండను దాని పైన వేలాడదీశాను. పైన ఆకు రంగు మారింది. కాయల్ని మసి పూసి నల్లబరిచాను. శనివారం సాయంత్రం చేతిలోకి తీసుకుంటే ఉండవలసినదానికంటే బరువుగా అనిపించింది. లోపలి వరసల్లో తడి ఇంకా ఉంది. ఇంకో రెండు మూడు రోజులు పొయ్యి మీద ఉండాలి. గడువు లేదు. కంటికి ఎండినట్టే ఉంది కదా అని సరిపెట్టుకున్నాను. నేను ఎప్పుడూ సరుకును కంటితో కాదు, చేతితో తూచి కొంటాను. ఆ ఒక్కరోజు మాత్రం కన్ను చెప్పింది విన్నాను.

ఆదివారం వీధి మేలుకోకముందే తలుపు మీద దండ మార్చాను. అక్క పాతదాన్ని రెండు చేతులతో పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

ప్రార్థన అయ్యాక అందరూ వీధిలోనే నిలబడ్డారు. వాళ్ళ ముందే దండ దించి బండిలో పెట్టాను. అక్క తలుపు దగ్గరే ఆగిపోయింది. ఖాళీ స్థలంలో పాత చెక్కపెట్టెలు పేర్చి మంట వేశాం. నేను దండ అందుకోబోతుంటే దర్జీ ముందుకు వచ్చాడు.

"నేను వేస్తానన్నా."

కాదనడానికి కారణం దొరకలేదు. అతను దండను తీసుకుని ఒక్క క్షణం చేతిలో పట్టుకుని, మంట మధ్యలోకి విసిరాడు.

అది భగ్గుమనలేదు. మంట మీద పడి అలాగే ఉండిపోయింది. పైన ఉన్న ఎండుటాకు చురచురా కాలి రాలిపోయింది. లోపలి నుంచి సన్నగా కూత మొదలైంది, కుండలో నీళ్ళు కాగేటప్పుడు వచ్చేలాంటిది. తెల్లటి పొగ దట్టంగా లేచి మా అందరి ముఖాలకూ కొట్టింది. పొగ కాస్త విడేసరికి కాలిపోయిన పై వరస కింద కొమ్మలు కనబడ్డాయి.

"పచ్చగా ఉంది" అంది రొట్టెల కొట్టు ఆవిడ మెల్లగా.

కొందరు వెనక్కి జరిగారు. ఒకావిడ పిల్లను ఎత్తుకుని ఇంటివైపు పరుగెత్తింది. నేను కర్రతో దండను మంట లోపలికి తోస్తున్నాను. దర్జీ మంట వైపు చూడటం మానేసి నా వైపు చూస్తున్నాడు. బట్ట పట్టుకుని చూసి నేతలో తేడా చెప్పగల మనిషి. నా దండలు ఎలా మండుతాయో ఏటేటా చూసినవాడు.

"ఇది ఇన్నాళ్ళూ తలుపు మీద ఉన్నది కాదు" అన్నాడు. "పచ్చి కొమ్మ. నిన్నో మొన్నో కట్టింది."

నా చేతిలో కర్ర ఆగిపోయింది. అది కూడా ఒక జవాబే.

అతను అక్క ఇంటివైపు నడిచాడు. వెనక మరికొందరు కదిలారు. నేను పక్కన నడుస్తూ ఏవేవో చెప్పాను. వీధి దీపాల ఖర్చు పెట్టుకుంటానన్నాను, వచ్చే ఏడు ఎవరి దగ్గరా రుసుము తీసుకోనన్నాను, దర్జీకి కొత్త మిషను కొనిస్తానన్నాను. అన్నీ కొనడం అమ్మడం తెలిసినవాడి మాటలే. ఎవరూ నా వైపు తిరగలేదు.

అక్క గడప మీద అడ్డంగా నిలబడింది.

"పక్కకు జరగండమ్మా" అన్నాడు దర్జీ. చెయ్యి కూడా ఎత్తలేదు.

"తమ్ముడూ, వీళ్ళకు చెప్పు" అంది అక్క.

చెప్పవలసినదంతా నేను అప్పటికే చెప్పేశాను. ఒకసారి నిజం చెప్పి, ఒకసారి మోసం చేసి, రెండూ ఖర్చుపెట్టేశాను. ఊరికే నిలబడ్డాను. అక్క నా ముఖం చూసి గడప వదిలి పక్కకు జరిగింది.

దండ వెతకడానికి వాళ్ళకు ఎంతోసేపు పట్టలేదు. దర్జీ దాన్ని రెండు చేతుల మీదా పెట్టుకుని, ఆకు రాలకుండా నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చాడు. మంట దగ్గర మాత్రం ఆగలేదు. దండ పడీ పడకముందే మనిషెత్తు మంట లేచింది. ఒక్కసారి ఆ ముడులన్నీ ఎర్రగా మెరిశాయి. తర్వాత కమ్మీ మిగిలింది.

ఎవరూ "వెళ్ళిపోయారు" అనలేదు. దర్జీ అక్కడే కూలబడి, పిల్లవాడు పోయినప్పటి నుంచీ ఏడవని ఏడుపంతా ఏడ్చాడు. పాస్టరుగారు వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నారు.

నేను అక్క దగ్గరికి వెళ్ళాను. మంచం అంచున కూర్చుని దుప్పటి మీద రాలిన ఎండుటాకుల్ని ఏరి కొంగులో పోసుకుంటోంది.

"అక్కా."

"బాగానే కట్టావు" అంది తల ఎత్తకుండా. "నేనైతే పోల్చుకోలేకపోయేదాన్ని. కాకపోతే పిల్లైతే ముందు ఆరబెట్టేది."

అంతకు మించి నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఎంతో కొంత చెల్లుకు చెల్లు అయ్యేది.

చలి తగ్గకముందే అక్క సామాను సర్దుకుని ఆడపడుచు ఉన్న ఊరికి వెళ్ళిపోయింది. బస్సు దాకా నేనే మోసుకెళ్ళాను. కిటికీ పక్కన కూర్చుని అవతలి వైపు చూస్తూ ఉంది. అక్కడికి చేరాక కొద్ది నెలలే బతికింది. ఆడపడుచు కబురు పంపితే వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. ఏ జబ్బని అడిగితే, తినడం మానేసిందని చెప్పింది.

ఆ ఇంటిని అమ్మకానికి పెట్టాను. ఎవరూ రాలేదు. అద్దెకు కూడా ఎవరూ రాలేదు. చివరికి నేనే సరుకు పెట్టుకుంటున్నాను. పొడి ఇల్లు, కొమ్మలకు కాదు గానీ కమ్మీలకూ పెట్టెలకూ బాగుంది. వాటికోసం ఇంకో షెడ్డు అద్దెకు తీసుకునే ఖర్చు మిగులుతోంది.

దర్జీ, అతని భార్య వేరే పేటకు మారిపోయారు. పోయే ముందు అతను నా బండి పరదాకు చిరుగు కుట్టి ఇచ్చాడు. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు.

మరుసటి ఏడు పండుగ ముందు, నేను అంతకుముందు ఎప్పుడూ బండి తిప్పని పేటలో ఒకావిడ దండ కొంటూ నాకే ఆ సంగతి చెప్పింది.

"మీకు తెలుసో లేదో, మీ వైపే ఎక్కడో జరిగిందట. ఒకావిడ పన్నెండో రోజు దాటినా దండ దించలేదట. ఎదురు తిరిగిన దండ. వీధిలో పసిపిల్లలు ఒక్కొక్కరే రాలిపోయారట. చివరికి లాక్కెళ్ళి మంటలో వేస్తే అది కాలలేదట. మంటల్లో కూడా పచ్చగా ఉండి, లోపలి నుంచి ఏడుపు వినబడిందట."

"అది పచ్చి కొమ్మండీ. తడి ఆరలేదు. కూత పెట్టింది, అంతే" అన్నాను.

"మీరు చూశారా?"

"చూశాను."

ఆవిడ దించడానికి కూడా అప్పుడే పేరు రాయించుకుంది. ఒకసారి వచ్చి దించితే చాలదేమోనని, మర్నాడు కూడా వచ్చి గుమ్మం చూసి పొమ్మని అడిగింది.

మొదట్లో అందరికీ సరిచేసి చెప్పేవాడిని. విన్నవాళ్ళు ఇంకా భయపడేవాళ్ళు. ఇప్పుడు చెప్పడం మానేశాను. ఎడమచేతి వాటం వాళ్ళు పనికి వస్తే తీసుకోవడం లేదు. ఆ దండలు సగం ధరకు కాదు కదా, ఊరికే ఇచ్చినా ముట్టుకునేవాళ్ళు లేరు.

ఇక మొత్తం లెక్క. దించే పని మా వీధి దాటి పేటపేటకూ పాకింది, రెండు బండ్లు అదనంగా తిరుగుతున్నాయి. ఒక ఇల్లు దమ్మిడీ ఖర్చు లేకుండా చేతికి వచ్చింది. అన్నిటికంటే, మా అమ్మ ఇచ్చినదానికంటే గట్టి కథ ఒకటి దొరికింది. అమ్మ కథలో పోయేవాళ్ళకు ముఖాలు లేవు. ఇందులో ఒక తల్లి ఉంది, ఒక తలుపు ఉంది, కళ్ళారా చూశామనేవాళ్ళు ఉన్నారు. నేను నోరు విప్పనవసరం లేకుండా అదే నడుస్తోంది, అదే అమ్ముతోంది. వచ్చింది ఇది. పోయినది రాయవలసిన వైపు ఇంకా ఖాళీగానే ఉంచాను.